చూస్తూనే ఉన్నవాడు

పాస్టరయ్యగారూ, పదకొండేళ్లుగా మీ మీద నాకు కోపం.

నా ఇంటిదాన్ని మట్టిచేసిన రోజు మీరు నా చెయ్యి పట్టుకుని, "ఏడవకు పెద్దాయనా, దేవుడు రెప్పవేయడు, అన్నీ చూస్తూనే ఉంటాడు" అన్నారు.

"చూస్తూ ఊరుకోడానికి దేవుడెందుకయ్యా, కరెంటు స్తంభం చాలదూ?" అన్నాను. చర్చి మానేశాను.

ఆమె చావు మీద జరిగిన విచారణలో రైలు కూత వెయ్యలేదని చెప్పాను. అది అబద్ధం. రైలు గేటు కాపలా నాది. ఆమె తెచ్చిన అన్నం తిని, కుర్చీలోనే నిద్రపోయాను. గేటు వెయ్యలేదు. ఖాళీ క్యారియరుతో పట్టాలు దాటుతున్న ఆమెను రైలు కొట్టేసింది.

ఇప్పుడు ఇంట్లో నన్ను లేపేవాళ్లు లేరు.

నిద్రపోయిన తప్పు నాదే, ఒప్పుకుంటాను. మేలుకుని ఉన్నవాడు నన్నొక్కసారి తట్టి లేపితే ఆయన సొమ్మేం పోయేది? ఆయన్ని అడిగి, వచ్చే ఆదివారంలోగా రాయండి.