విత్తనంకాయల మూట

ముసలాయన తెచ్చిన మూటను సుమిత్రమ్మ ఎత్తి వీధిలోకి విసిరేసింది.

మూట విడిపోయి శెనక్కాయలు ధర్మవరం నేతగాళ్ల వీధిలో చిందరవందరగా పడ్డాయి. మగ్గాల చప్పుడు కాసేపు ఆగింది.

“ఏమయ్యా, నీ మేనకోడలికి ఇంట్లో ఇంత సంగటి పెట్టేకి చేతగాదా? గంపలో ఎత్తుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టిన మేనమామవు. మొగుడు తంతే ఈడ తెచ్చి పడేసి, వారానికొక మూట ఇచ్చి చేతులు దులుపుకుంటాండావా?”

ముసలాయన తల ఎత్తలేదు.

“తప్పు నాదేనమ్మా. నేను సరిగ్గా పెంచింటే ఈయమ్మికి ఈ గతి పట్టేది కాదు.”

ఆ మాట అని, వంగి ఆ కాయలన్నీ ఏరాడు. మళ్లీ మూటకట్టి గడప పక్కన పెట్టి బస్టాండు దారి పట్టాడు.

సుమిత్రమ్మకు కోపం ముక్కు మీద ఉంటుంది, దయ వంటింట్లో ఉంటుంది. పట్టుచీరల వ్యాపారం చేసిన భర్త పోయాక, తన పెద్దింటిని మొగుళ్ల చేత దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్లకు వదిలేసింది. మొదట్లో వీధి వీధంతా ఆడిపోసుకుంది. కాపురాలు కూల్చే కొంప అన్నారు. చేయి విరిగిన ఒక పిల్లను కళ్లారా చూశాక ఆ నోళ్లు మూతపడ్డాయి. అప్పటినుంచి ఏ ఇంట్లో జొన్నపిండి విసిరినా ముందు ఒక దోసెడు ఈ ఇంటికి తీసిపెట్టేవారు. మగ్గాలకు దారం కండెలు చుట్టే పని కూడా ఈ ఆడవాళ్లకే ఇచ్చేవారు.

ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు. అత్తింటి మనిషి ఎవరొచ్చినా వీధిలోంచే పంపించేయాలి. లోపలి మనిషిని కంటికి చూపించకూడదు.

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. కరువు మీద కరువు. చీరలు అమ్ముడుపోక నేసేవాళ్లే పస్తులుంటున్నారు. దోసెడు పిండి పిడికెడైంది. అయినా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే, తనకల్లు వైపునుంచి బస్సులో వచ్చే ఆ ముసలాయన మూట వల్లే. ఆ మాట సుమిత్రమ్మ చచ్చినా ఒప్పుకోదు.

రామాంజినమ్మనూ, ఆమె చంకలోని బిడ్డనూ తెచ్చి దిగబెట్టింది ఆయనే. ఆమె ఆయన్ని “మామా” అని పిలిచింది. తండ్రి లేని పిల్ల కదా, మేనమామ తోడొచ్చాడని అందరూ అనుకున్నారు. ఎవరైనా ఆయన్ని తిట్టినప్పుడల్లా రామాంజినమ్మ ఏదో చెప్పబోయేది. ఆయన కంటిచూపుతోనే వద్దనేవాడు.

ఎదురింటి ఓబమ్మ పుట్టింటివాళ్లు సేద్యగాళ్లు. ఆమె మూటలోంచి ఒక కాయ తీసి ఒలిచి చూసింది. గింజను కళ్లకద్దుకుంది.

“ఇవి విత్తనంకాయలమ్మా. ప్రాణం పోతాన్నా సేద్యగాడు వీటి జోలికి పోడు.”

పిల్లను ఇంటికి తీసుకుపోవడంకన్నా విత్తనం పోగొట్టుకోవడమే ఆయనకు తేలికైందా అని సుమిత్రమ్మ ఇంకా మండిపడింది.

ఆ తర్వాత ముసలాయన రావడం మానేశాడు. మాట పడలేక అలిగాడని వీధిలో అనుకున్నారు. సుమిత్రమ్మ లోలోపల నొచ్చుకుంది. బస్సు వేళకు అరుగు మీదికి వచ్చి ఆ దారి వైపు చూసేది.

ఒక మధ్యాహ్నం రామాంజినమ్మ మొగుడు ఓబుళేసు మనుషుల్ని వెంటేసుకుని దిగాడు. తలా మీసమూ నున్నగా గొరిగించుకుని ఉన్నాడు. పెండ్లాన్ని బయటికి పంపమని గడప ముందు నిలబడి కేకలు వేశాడు.

“బళ్లారికి పోయిందని చెప్పి ఇన్నాళ్లూ నన్ను తిప్పినారు. కండక్టరు చెప్పబట్టి ఈ పొద్దు తెలిసింది.”

వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మగ్గం గుంటల్లోంచి నేతగాళ్లు లేచి వచ్చారు. వంటిళ్లలోంచి ఆడవాళ్లు వచ్చారు. అందరూ ఆ గడపకు అడ్డంగా నిలబడ్డారు. ఓబమ్మ మొగుడు ముత్యాలప్ప మాత్రం ఒక అడుగు ముందుకేశాడు.

“మగ్గం గుంట దిగినోళ్లం ఊరికే పైకి రాము, అప్పా. ఆయమ్మి మా వీధి బిడ్డ. మర్యాదగా తిరిగి పో.”

ఎవరూ చేయి ఎత్తలేదు. ఎవరూ కదల్లేదు. ఓబుళేసు నోటికొచ్చింది తిట్టాడు. వెంట వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకునేసరికి తనూ వెనుదిరిగాడు.

 అరకడుపు తిని బతికే ఈ మనుషుల్లో ఇంత బలం ఉందని సుమిత్రమ్మ ఎన్నడూ అనుకోలేదు.

లోపల కిటికీ పక్కన రామాంజినమ్మ కూలబడి ఏడుస్తోంది. భయపడిందనుకుని సుమిత్రమ్మ ఆమె తల నిమిరింది.

“ఏడవొద్దు తల్లీ. వీధంతా నీ పక్కనే ఉండాది. మీ మేనమామకు కబురు పెడదాం. ఈసారి వస్తే లోపలికి పిలిచి, పీట వేసి, నా చేత్తో అన్నం పెడతా. నోరు జారినాను, తప్పయిందని చెప్పుకుంటా.”

“ఆయప్ప ఇంక రాడమ్మా,” అంది రామాంజినమ్మ. “పోయినాడని నాకూ ఇప్పుడే తెలిసింది, వాని గుండు చూసినాక.”

ఆ గుండుకూ ఈ పిల్ల మేనమామకూ సంబంధమేమిటో సుమిత్రమ్మకు అర్థం కాలేదు.

రామాంజినమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“నాకు మేనమామలే లేరమ్మా. నన్ను ఈడ దాచి, వాన్ని బళ్లారి చుట్టూ తిప్పిన ఆ మామ, వాన్ని కన్న నాయన.”