దూది చుట్ట

"ఆ కోపం నీది కాదే, నీ గడ్డది!" అన్నాడు కుట్టు మాస్టరు, డాక్టరు గదిలో కుర్చీ ముందుకు లాక్కుంటూ.

"నా కోపం నాదేనండీ. ఆ గడ్డకేం తెలుసు నా సంగతి?" అంది ఆయన భార్య.

ఇద్దరిదీ ఒకటే పని. షాపు మీద పేరు ఆయనది, లోపల చెయ్యి ఆవిడది. ఇన్నేళ్లూ నోరెత్తని మనిషి ఈమధ్యే ఎదురు తిరిగింది. వీధికి అవతల సొంత షాపు పెడతానంది. సరిగ్గా అప్పుడే స్కానింగులో ఆవిడ మూత్రపిండం పైనున్న గ్రంథిలో చిన్న గడ్డ కనబడింది. ఇంకేం! ఆ గడ్డలో ఊరే హార్మోను తలకెక్కి అలా మాట్లాడుతోందని మాస్టరు వీధంతా చాటాడు. షాపు అద్దెకిస్తానన్నాయన కూడా "ముందు ఒంట్లో సంగతి చూసుకోమ్మా" అని తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

తేల్చాల్సింది ఉమ్మి పరీక్ష. రెండు రాత్రులు పడుకోబోయే ముందు దూది చుట్ట నమిలి గొట్టంలో వేసి తేవాలి. హార్మోను ఎక్కువుంటే గడ్డ తీసేయాలి. లేదంటే అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలు. నర్సు ఇదంతా చెబుతుంటే గొట్టాలు మాస్టరే అందుకున్నాడు. ఆయనంతే. పెళ్లయిన నాటినుంచీ కుడుతున్న మనిషికి కత్తెర ఎలా పట్టుకోవాలో ఇప్పటికీ పట్టుకుని చూపిస్తాడు. పొద్దున చూపించింది సాయంత్రానికి ఆయనకే గుర్తుండదు.

డాక్టరమ్మ ఫలితాలు చూసి కళ్లజోడు సవరించుకుంది.

"ఇదేంటి, విచిత్రంగా ఉందే! రెండో రాత్రిది మామూలుగానే ఉంది. మొదటి రాత్రిది మాత్రం బాగా ఎక్కువ."

మాస్టరు తొడ చరిచాడు. "చెప్పానా! మొదటిదే అసలుది. రెండోది ఏదో పొరపాటయ్యుంటుంది. అంత హార్మోను ఒంట్లో పెట్టుకున్నవాళ్ల మాట ఎవరైనా వింటారా డాక్టరుగారూ?"

"ఆ మాట మీద ఉంటారా?" అంది ఆయన భార్య.

"ఉంటాను! ఎక్కడైనా అంటాను!"

ఆవిడ చీర కొంగు సర్దుకుని తాపీగా లేచింది.

"అయితే ఇకమీదట మీ మాట ఎవరూ వినక్కర్లేదండీ, మొదటి రాత్రి 'నీకు చేతకాదు, ఇలా నమలాలి' అని నాకు చూపించి ఆ దూది గొట్టంలో వేసి మూత పెట్టింది మీరే!"