ఆరు క్లిక్కులు

తన పిస్టల్ మీద గురి చూసుకునే సైటును ఎవరో తిప్పేశారని ఫైనల్ మొదలవడానికి సరిగ్గా మూడు నిమిషాల ముందు బండరాయి కనిపెట్టాడు.

బండరాయి అన్నది పత్రికలవాళ్లు పెట్టిన పేరు. ఎంత ఒత్తిడిలోనూ ఆ చెయ్యి వణకదని. అతనికి అదెంత నచ్చిందంటే, 'ఒత్తిడిలో ఏకాగ్రత' అంటూ ఆదివారాలు తానిచ్చే ఉపన్యాసాల పోస్టరు మీద అసలు పేరే తీయించేశాడు.

వరుసగా ఎనిమిదేళ్లు ఛాంపియన్. దానికి ముందు ఆడిన మొట్టమొదటి ఫైనల్లో మాత్రం ఆఖరి స్థానం వచ్చింది. తప్పు పిస్టల్‌దని అప్పుడే తేల్చేశాడు. షూటింగ్ క్లబ్బులో మెకానిక్‌గా పనిచేసే సొంత బాబాయ్ ముందు దాన్ని పడేసి, "బాగుచెయ్" అన్నాడు. బాబాయ్ బాగుచేశాడు. ఆ తర్వాత ఓటమన్నది లేదు. ఫైనల్ అవగానే పిస్టల్ ఆయన చేతికిస్తే తుడిచి, నూనె రాసి తిరిగిస్తాడు. అందుకు బాబాయ్‌కి దక్కిన బిరుదు 'స్క్రూల మనిషి'.

ఈసారి గెలిచినవాళ్లకి దేశం జట్టులో చోటు. ఉన్నది ఒక్కటే చోటు.

పోటీలో పళ్ల డాక్టరమ్మ ఒకతె ఉంది. క్వాలిఫయింగ్‌లో అతనికంటే ఒకే ఒక్క పాయింటు తక్కువ. నిన్న సాయంత్రం ఆ స్కోరు చూశాకే బండరాయి, తిప్పితే క్లిక్కు క్లిక్కుమంటూ గురిని జరిపే సైటు స్క్రూ మీద సన్నటి తెల్ల గీత గీసుకున్నాడు. భయంతో కాదు. మనుషుల బుద్ధులు తనకి తెలుసు కాబట్టి.

జనాన్ని లోపలికి వదలకముందు ట్రయల్ గుండ్లు కాల్చినప్పుడు గీత సరిగ్గానే ఉంది. తర్వాత ఎనిమిదిమందీ పిస్టళ్లు బల్లల మీద పెట్టి, జనానికి చేతులూపడానికి ముందుకెళ్లారు. ఐదు నిమిషాలు. తిరిగొచ్చి చూస్తే గీత పక్కకి జరిగిపోయి ఉంది. ఆరు క్లిక్కులు.

డాక్టరమ్మ బల్ల పక్కనే. అందరికంటే ముందు తిరిగొచ్చింది కూడా ఆమే.

"ఏమ్మా, పట్టకారు పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ పట్టావా?"

"ఏంటి సార్? నా గుండె చప్పుడుకి నాకేం వినబడట్లేదు."

"గుండె అదిరేవాళ్లు క్లినిక్కులో కూర్చుని పళ్లు పీక్కోవాలి. ఇక్కడికెందుకు?"

"భయం నాకెప్పుడూ ఉంటుంది సార్. దాన్నీ లెక్కలో వేసుకునే కాలుస్తా."

బండరాయి పెదవి విరిచాడు. భయపడుతున్నానని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గు లేని జాతి! ఒక్కొక్క క్లిక్కూ లెక్కపెట్టి స్క్రూ వెనక్కి తిప్పాడు. గీతకి గీత కలిసింది. అప్పటిదాకా బల్లల దగ్గరున్నది తనిఖీ చేసే బాబాయ్ ఒక్కడే. ఆయన్ని అనుమానించడం కూడా దండగే. కుట్ర చెయ్యాలంటే బుర్రుండాలిగా.

మొదటి గుండు ఎడమకి పోయింది.

రెండోదీ ఎడమకే. మూడు, నాలుగు కూడా. చెదిరిపోలేదు. అన్నీ ఒకే దిక్కుకి, అంతే దూరం.

సైటు సరిచేసుకోవడానికి నియమాలు అడ్డురావు. కానీ 'ఫైనల్ మధ్యలో స్క్రూ ముట్టుకున్నవాడు అప్పుడే ఓడిపోయాడు' అన్నది అతని ఉపన్యాసాల్లో మొదటి వాక్యం. ముందు వరుసలో శిష్యులు ముప్పైమంది కూర్చుని ఉన్నారు. అతను స్క్రూ ముట్టుకోలేదు.

పక్క బల్ల దగ్గర డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకుంటూ, గుండుకి పదికి పది కొడుతూనే ఉంది.

ఫైనల్లో తక్కువ స్కోరున్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకోవాలి. అందరికంటే ముందు తప్పుకున్నది బండరాయి. చివరిదాకా నిలబడింది డాక్టరమ్మ.

పతకాలు ఇవ్వకముందే అతను మెకానిక్ గదిలోకి దూసుకొచ్చాడు. జడ్జినీ డాక్టరమ్మనీ వెంటబెట్టుకొచ్చాడు.

"రాసుకోండి! ఈవిడ నా సైటు తిప్పింది. నేను సరిచేసుకున్నా లోపల ఇంకేదో చెడగొట్టింది. లేకపోతే నా గుండు ఎడమకి పోవడమా?"

జడ్జి పిస్టల్‌ని బిగింపు స్టాండులో పెట్టించి, చెయ్యి తగలకుండా ఐదు గుండ్లు కాల్పించాడు. ఐదూ నట్టనడుమ పడ్డాయి.

"ఇందులో ఏ లోపమూ లేదే!" అన్నాడు జడ్జి.

"అయితే తిప్పిందెవరు? స్క్రూ దానంతటదే తిరిగిందా? ఈవిడకి పతకం ఇవ్వడానికి వీల్లేదు. జన్మలో పిస్టల్ పట్టకుండా చెయ్యాల్సిందే."

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "నేను మీ బల్ల దగ్గరికే రాలేదు సార్..." అంది.

మూలన ఇంకెవరిదో పిస్టల్ తుడుస్తున్న బాబాయ్ గుడ్డ కింద పెట్టాడు.

"ఆ అమ్మాయిని వదిలెయ్‌రా. తిప్పింది నేను."

"నువ్వా? స్క్రూల మనిషివి... నా మీద అంత కడుపుమంట ఉందా బాబాయ్ నీకు?"

బాబాయ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నీ మొదటి ఫైనల్లోనే చూశాన్రా, జనం ముందు నిలబడగానే నీ వేలు అదిరి గుండు ప్రతిసారీ అంతే దూరం ఎడమకి పోతుంది, అందుకే ఎనిమిదేళ్లుగా ప్రతి ఫైనల్‌కీ ఆరు క్లిక్కులు కుడికి తిప్పి, నువ్వు గెలిచొచ్చాక నీకు తెలియకుండా మళ్లీ వెనక్కి తిప్పి పెడుతున్నాను."