పదకొండు నిమిషాలు

మా ఆయన మౌంటెన్ బైక్‌కి, అదే కొండలెక్కే సైకిల్‌కి, మంచి కొండ కావాలి. నర్సుని కాబట్టి నాకు ఆసుపత్రి కావాలి. రెండూ ఉన్న ఊళ్లు మూడు దొరికాయి.

మూడు ఇంటర్వ్యూల్లోనూ నేను ఒకటే అడిగాను: “కొండ మీద ఎవరైనా పడిపోతే ఎంతసేపట్లో తెస్తారు?”

ఒకచోట నవ్వారు. ఒకచోట గంట పడుతుందన్నారు. మూడోచోట పెద్ద డాక్టరు, “ఫోనొస్తే చాలమ్మా, పదకొండు నిమిషాల్లో ఇక్కడుంటారు,” అన్నాడు.

“ఈ ఊరే,” అని తేల్చేశాను.

“నాకోసమేగా?” అని మా ఆయన మురిసిపోయాడు.

“కాదు, నీ సైకిల్ మీద మోజుతో!”

మొన్న ఆదివారం ఎమర్జెన్సీలో డ్యూటీ నాదే. ఫోనొచ్చిన పదకొండో నిమిషానికి అంబులెన్సు గుమ్మంలో ఆగింది. స్ట్రెచర్ మీద మా ఆయన. చెయ్యి పట్టుకున్నాను. చల్లబడిపోయి ఉంది.

చెప్పిన టైముకే తెచ్చారు.

ఆయన పడింది పొద్దున. ఎవరో చూసి ఫోన్ చేసింది సాయంత్రం.