పక్క గదికి బదిలీ

"భూమి కేసులు నేర్చుకుంటే నీ పిల్లలు కూడ కూసొని తింటరు. గా మొగుడు పెండ్లాల లొల్లిల ఏమున్నది?" అన్నాడు వకీలు మదన్‌మోహన్, చాయ్ ఊదుకుంటూ.

నందిని ఎదురుగా నిలబడే ఉంది. జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఆ ఆఫీసులో ఆమె జూనియరుగా చేరి ఇంకా ఏడాది కాలేదు. ఈ గదిలో మదన్‌మోహన్ భూమి తగాదాలు చూస్తాడు, పక్క గదిలో భవాని మేడం సంసారాల కేసులు చూస్తుంది. ఎవరు ఏ గదిలో కూర్చోవాలో మాత్రం ఆయనే చెబుతాడు. ఇన్నాళ్లూ ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

"నేను భవాని మేడం దిక్కు పోత సార్."

"నేను వద్దంటే?"

"ఆఫీసే ఇడిసిపెడ్త. ఝరాసంగం నుంచి రోజు ఆటోల ఇరుక్కొని వచ్చేది సర్వే నంబర్లు ఎక్కించేతందుకు కాదు."

మదన్‌మోహన్‌కు కోపం రాలేదు, నవ్వొచ్చింది. కొత్త వకీళ్ల రోషం ఆయన చాలానే చూశాడు.

"వట్టి మాటలెందుకు? ఒక్క కేసు తెచ్చి చూపెట్టు."

"తెచ్చిన. బయట బెంచీ మీద కూసున్నది."

ఆయన గుమ్మానికున్న పరదా వైపు ఒకసారి చూసి, మళ్లీ చాయ్ అందుకున్నాడు.

"ఏం కథ ఆమెది?"

"మొగడు చేయి చేసుకుంటడు. బయట పెద్దమనిషి, బజార్ల పోతుంటే అందరు దండం పెడ్తరు. రాత్రి కొట్టి, తెల్లారి ఏమీ కానట్టే మాట్లాడుతడు."

"సాక్షులున్నరా?"

"నాలుగు గోడల నడుమ సాక్షులు ఎక్కడికెళ్లి వస్తరు సార్?"

"గదే నేను చెప్పేది. గిసుంటి కేసులు నిలబడయి. పేరేంది ఆమెది?"

"క్లయింటు పేరు అడగంగనే చెప్పొద్దని మీరే నేర్పిన్రు."

"మొగనిదన్న చెప్పు."

"ఆమెనే చెప్పాలె. పెండ్లయిన కాడి నుంచి ఆమె నోట్లకెళ్లి మొగని పేరు రాలే."

మదన్‌మోహన్ బల్ల చరిచి మరీ నవ్వాడు. చాయ్ కాగితాల మీద ఒలికింది.

"మొగని పేరు పలకలేనిది జడ్జి ముంగట ఏం చెప్తది? 'మా ఆయన' అంటే ఏ ఆయన అని రాసుకోవాలె?"

నందినికి ఒళ్లు మండింది. కానీ లోపలి భయం కూడా అదే. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అడిగినా బెంచీ మీది ఆమె తల దించుకుందే తప్ప ఆ పేరు పలకలేదు. కిందటిసారి మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. ఇవాళ కూడా నోరు పెగలకపోతే ఆమె మళ్లీ ఆ ఇంటికే పోవాలి, నందిని మళ్లీ సర్వే నంబర్లలోకే పోవాలి.

"షర్తు పెట్టుకుందాం," అన్నాడు మదన్‌మోహన్. "ఆమె మొగని పేరు నా చెవులార వినాలె. చెప్పిందా, ఇయ్యాల్నే నీ కుర్చీ పక్క గదిల పడ్తది. చెప్పకపోతే ఇద్దరు ఇండ్లకు పోండ్రి."

"గా మాట భవాని మేడం ముంగట చెప్పున్రి."

"నేను విన్న," అంది భవాని. రెండు గదుల మధ్య గుమ్మంలో ఎప్పుడు వచ్చి నిలబడిందో గానీ ఆమె ముఖంలో నవ్వు లేదు. "మాట మీద ఉంటరా మరి?"

"నేను మాట తప్పంగ ఎన్నడన్న చూసినవా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, పరదా వైపు గొంతు పెంచాడు.

"అమ్మా, జర ధైర్యంగ ఉండు. తప్పు చేసినోడే తల దించుకోవాలె గని నువ్వెందుకు? నీ మొగని పేరేందో ఇక్కడికి వినపడేటట్టు చెప్పు."

అదే సమయానికి కింద చెరుకు లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ మోత తగ్గాక బయట బెంచీ కదిలిన చప్పుడయింది. ఆమె లేచి వెళ్లిపోతోందేమోనని నందిని పరదా వైపు అడుగేసింది.

"వకీలు మదన్‌మోహన్," జవాబు చెప్పింది ఆమె, పరదా అవతలి నుంచి.