సున్నం పడని సమాధి

"మేడ బాగుంది వర్మగారూ. కానీ ఇది మా ముత్తాత ఇల్లు కాదు."

కెజియా మాటకు వినోద్ మేడకేసి మళ్లీ చూశాడు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు పూర్వీకుల ఊళ్లు వెతికి చూపించడం అతని వ్యాపారం; కార్డు మీద పేరు వినోద్ వర్మ. డర్బన్ నుంచి వచ్చిన ఈమెకు అల్లూరు దగ్గరి ఈ పల్లెలో పెద్ద మేడ ఒకటి చూపించి చేతులు దులుపుకుందామనుకున్నాడు.

"అదేంటి మేడమ్, ఊరంతా ఇదేనన్నారు."

"మేడ ఉన్నోడు చెరుకు నరకడానికి కూలీగా ఓడ ఎక్కుతాడా?" నాయనమ్మ నేర్పిన తెలుగు సూటిగా తగిలింది. "మా ఇంటిపేరు గోచిపాతల. మా రక్తం ఒక్కరు దొరికితే ఒక్కసారి చేయి పట్టుకుని చూసి పోతాను. అంతకే వచ్చినా. మాలవాడ ఎటు?"

ఆ మాట ఆమె తలెత్తుకుని అంది. ఎవరైనా విన్నారేమోనని వినోద్ చుట్టూ చూశాడు.

"అటంతా రొయ్యల గుంతలే మేడమ్. కంపు."

ఆమె వింటేగా! రేపు సమాధుల పండగ; క్రైస్తవులు తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టుకుంటున్నారు. తుమ్మచెట్ల వెనక కొత్త సున్నం తెల్లగా మెరుస్తుంటే అటే నడిచింది. వినోద్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని కాళ్లీడ్చాడు.

భర్త సమాధికి సున్నం కొడుతున్న మాలకొండమ్మ తలెత్తింది.

"గోచిపాతలోళ్లా? ఉండినారమ్మా. ఆఖరాయన నిరుడు పోయినాడు. అదో, ఆ బోడి సమాధి ఆయనదే."

"పిల్లలు లేరా అవ్వా?"

ముసలామె వినోద్‌ను ఎగాదిగా చూసింది.

"ఉంటే సున్నం పడదా? ఏం దొరా, పడదా?"

వినోద్ నల్లకళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు.

కెజియా సమాధి పక్కన కూలబడింది. "నిరుడు వచ్చినా దొరికేవాడు" అంటూ కళ్లు తుడుచుకుంది. ముసలామె ముందున్న బకెట్టును తన వైపు లాక్కుని వట్టి చేతులతోనే సున్నం పూయసాగింది.

"మేడమ్, చేతులు పొక్కుతాయి. లేవండి."

"పొక్కనీ. నావాళ్లకు నేను చేయకుంటే ఎవరు చేస్తారు?" బకెట్టులోని కుంచె తీసి అతని ముందు చాపింది. "మీరూ ఒక చెయ్యి వేయండి వర్మగారూ. పరాయివాళ్లు చేసినా పుణ్యమే."

కుంచె అందుకున్నాడు. చెయ్యి ముందుకు పోలేదు.

"ఏం, మావాళ్ల సమాధి ముట్టుకోవడానికి సిగ్గా?"



లోపలున్నది వినోద్ నాన్న.