గురువారం వాసన

వరదకు జైలు వంటగది గోడ పడిపోయిన ఏడాది జరిగిందిది.

ఆ గురువారం ప్రార్థన మధ్యలో, ఆ గోడ మళ్ళీ కడుతున్న ఖైదీ మేస్త్రి తల వెనక్కి లాక్కున్నాడు.

తల మీద చెయ్యి పెట్టిన సైకిలు బ్రదర్, ఖైదీలకు బైబిలు చదవడానికి సైకిలు మీద వచ్చే ఆయన, ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాడు మేస్త్రి.

ఉంది. బ్రదర్ చేతులు స్పిరిట్ వాసన వేస్తున్నాయి.

మందు దొరకని రోజుల్లో మేస్త్రి స్పిరిట్‌లోనే నీళ్ళు కలుపుకుని తాగేవాడు. తాగి ఒకడి తల పగలగొట్టి జైలుకొచ్చాడు. మందు లేక ఒళ్ళంతా వణికిన మొదటి నెల నుంచీ ప్రతి గురువారం బ్రదర్ వచ్చి పక్కన కూర్చునేవాడు. వాక్యం ఒక్కటే చదివేవాడు. పొద్దున లేవగానే, తాగకుండా ఉంచమని దేవుణ్ణి ఈ ఒక్క రోజుకే అడుక్కో, రేపటిది రేపు అడుగుదువు అని నేర్పాడు.

విడుదలకు ఇంకా నెల ఉంది. అమ్మ రెండు ములాఖత్‌లకు రాలేదు. చూసి రమ్మని ముందు గురువారమే మేస్త్రి బ్రదర్‌ను పంపాడు.

నీకోసమే కనిపెట్టుకుని ఉందిలే అన్నాడాయన. వెంటనే వాక్యం తెరిచాడు.

మరుసటి గురువారమూ అదే వాసన. మేస్త్రికి రోజంతా నోట్లో నీళ్ళూరాయి. కడుతున్న గోడ వంకర పోయింది.

ఇటుకలందించే ఖైదీ నవ్వాడు. "ఏం మేస్త్రీ, గోడ కూడా తాగిందా?"

మేస్త్రికి నవ్వు రాలేదు. మానమని నేర్పేవాడే తాగుతుంటే ఇక తానెంత?

మూడో గురువారం తెల్లారగానే జైలరు దగ్గరికి వెళ్ళాడు.

"ఆయన దగ్గర స్పిరిట్ వాసనొస్తోంది సార్. నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టకండి. నాకు భయంగా ఉంది."

గేటు దగ్గర జైలరు బ్రదర్ చేతులు వాసన చూశాడు. నిజమే. ఎక్కడిదని అడిగితే, చెప్పనని ఒకరికి మాటిచ్చానన్నాడట. నీ వాసనకు మేస్త్రి భయపడుతున్నాడని చెప్పి, లోపలికొచ్చే పాసు లాక్కున్నారు. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడని వార్డరు చెప్పాడు.

విడుదలై ఇంటికి వెళ్తుంటే మందు షాపు దగ్గర మేస్త్రి కాళ్ళు ఆగాయి. ఈ ఒక్క రోజుకే అని గొణుక్కుంటూ దాటేశాడు.

ఇంట్లో అమ్మ మంచం మీద ఉంది. ఒక కాలూ చెయ్యీ పడిపోయాయి.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"దిగులుతో మళ్ళీ మొదలుపెడతావని నేనే ఆయన దగ్గర ఒట్టు వేయించుకున్నానురా."

"ఎవరి దగ్గర?"

"మీ సైకిలు బ్రదరే. వీపు పుండ్లు పడకుండా రోజూ పొద్దున్నే స్పిరిట్‌తో తుడిచేవాడు. గురువారమైతే ఇటు నుంచి ఇటే నీ దగ్గరికొచ్చేవాడు కదా."

మేస్త్రి అమ్మను మెల్లగా పక్కకు తిప్పి వీపు చూశాడు; ఎక్కడా పుండు లేదు.

"నిన్న వచ్చి, ఇక నీ కొడుకే చూసుకుంటాడమ్మా, నేను రానన్నాడు. ఆయన ఇల్లెక్కడో కూడా అడగలేదురా నేను. ఆ స్పిరిట్ సీసా మాత్రం మావాడి కంట పడకుండా దాచిపెట్టు బాబూ అన్నాను."

"ఏమన్నాడు?"

"ఆ వాసనకు భయపడి పారిపోయిన కొడుకమ్మా, దాచక్కర్లేదు అని అదుగో, గూట్లో పెట్టి వెళ్ళాడు."

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఆ ఒక్క రోజుకే అడుక్కుని, సీసా మూత తీసి, దూది తడిపి, అమ్మ వీపు తుడిచాడు.